సరస్సు అడుగు బురద నుంచి హిమానీనదం చరిత్రను ఎలా రాబడతారు?

గోదావరికి ఎర్రనీళ్ళు దిగాయంటే ఎగువన ఎక్కడో గట్టి వానలు పడ్డాయని రాజమండ్రి గట్టు మీద నిలబడ్డవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. నీటి రంగు చూసి ఎగువ సంగతి పసిగట్టడం మనకి పాత విద్యే. హిమాలయాల్లో ఆ విద్యకి ఇంకో పాఠం ఉంది. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళు సెలవు దొరకగానే కాశ్మీర్ వైపో సిక్కిం వైపో ట్రెక్కింగ్‌కి వెళ్ళి ఫొటోలు పెడుతుంటారు కదా. వాటిలో కొన్ని సరస్సులు నమ్మలేనంత నీలపచ్చగా ఉంటాయి. ఫోన్ ఫిల్టర్ అనుకుంటాం. ఆ రంగు చాలాసార్లు నిజమే. ఎగువన ఒక హిమానీనదం రాతిని పిండి చేస్తోంది, ఆ పిండి ఇంకా నీళ్ళలో తేలుతోంది అని దానర్థం.

హిమానీనదం తన బరువుకి తానే లోయలోకి మెల్లగా జారే మంచు. దాని అడుగున ఇరుక్కున్న రాళ్ళు కింది బండని ఏళ్ళ తరబడి ఒరుసుకుంటూ పోతాయి. తిరగలిలో గింజలు నలిగినట్టు అక్కడ రాయే నలుగుతుంది. వచ్చే రాతిపిండిలో చాలా భాగం 63 మైక్రాన్లకంటే, అంటే మిల్లీమీటరులో పదహారో వంతుకంటే సన్నం. కరుగునీరు హిమానీనదం మూతి దగ్గర ఏరుగా బయటపడేటప్పుడు ఈ పిండి వల్లే పాలు కలిపినట్టుంటుంది. ఆ ఏరు సరస్సులో చేరి నెమ్మదించగానే పిండి దిగడం మొదలవుతుంది.

దీన్ని ఇంట్లో చేసి చూడొచ్చు. గాజు గ్లాసు నీళ్ళలో చెంచాడు రాతి ముగ్గుపిండి కలిపి పక్కన పెట్టండి. గరుకు రేణువులు కళ్ళముందే దిగిపోతాయి, నీళ్ళు మాత్రం చాలాసేపు మసకగానే ఉంటాయి. సరస్సులోనూ అంతే, కాకపోతే కొలతలు పెద్దవి. 4 డిగ్రీల చల్లటి నీళ్ళలో 20 మీటర్ల లోతుకి దిగడానికి 63 మైక్రాన్ల రేణువుకి రెండున్నర గంటలు చాలు. 20 మైక్రాన్లదానికి ఒక రోజు పడుతుంది. 2 మైక్రాన్ల బంకమట్టి రేణువుకైతే మూడు నెలలు దాటుతుంది. నీళ్ళు కదులుతున్నంతకాలం అది దిగదు. చలికాలంలో సరస్సు పైన మంచు మూతపడి, గాలి తగలక, ఏరు ఆగిపోయాకే దిగుతుంది. అలా వేసవిలో కాస్త ముతక లేత పొర, చలికాలంలో నున్నటి ముదురు పొర పడతాయి. ఏడాదికొక జంట. ఈ జంటల్ని వార్వ్‌లంటారు. స్వీడన్‌కి చెందిన గెరార్డ్ డి గేర్ 19వ శతాబ్దం చివర్లో వీటిని లెక్కపెట్టి కాలాన్ని కొలిచే పద్ధతికి దారి వేశారు. అన్ని సరస్సుల్లోనూ ఇవి దొరకవు. లోతు తక్కువైతే అలలు, అడుగున జీవులుంటే ఆ జీవులు పొరల్ని కలిపేస్తాయి.

ఇంతవరకూ సులువే. తొందరపాటు వచ్చేది దీని తర్వాతే. బూడిదరంగు పొర కనబడగానే "ఆ కాలంలో చలి ఎక్కువ" అనేస్తుంటారు. నిజానికి ఆ పొర చెప్పేది ఒక్కటే: అప్పుడు ఇక్కడికి సన్నటి రాతిపిండి వచ్చింది. అది హిమానీనదం నుంచే వచ్చిందా అనేది మొదటి ప్రశ్న. వచ్చిందే అనుకుందాం, ఎక్కువ వచ్చిందంటే హిమానీనదం అప్పుడు పెద్దదైనట్టేనా అనేది రెండోది. పెద్దదైతే దాని మంచురేఖ ఎంత కిందికి దిగింది? దిగడానికి కారణం చలా, ఎక్కువ మంచు కురవడమా? నాలుగు ప్రశ్నలు, నాలుగు వేర్వేరు పరీక్షలు. ఒక మెట్టు దూకినా పైన కట్టిందంతా గాలిలో నిలబడుతుంది.

ఇంత శ్రమ ఎందుకు, ఉపగ్రహాలున్నాయిగా అనిపించొచ్చు. బెంగళూరులోనే భారతీయ విజ్ఞాన సంస్థలో 2009లో ఏర్పడిన దివేచా కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో హిమాలయ హిమానీనదాల్ని అధ్యయనం చేస్తుంటుంది. కానీ ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచే ఉన్నాయి. గంగోత్రి హిమానీనదం మూతిని జియొలాజికల్ సర్వేకి చెందిన ఆడెన్ 1935లో మ్యాపు వేశారు. ఎంత లాగినా నూరేళ్ళ లోపే. ఇప్పటి కరుగుదల ఎంత అసాధారణమో చెప్పాలంటే వేల ఏళ్ళ లెక్క కావాలి. దానికి మొరైన్లు, అంటే హిమానీనదం ముందుకు తోసి వదిలేసిన రాళ్ళ గుట్టలు, కొంత పనికొస్తాయి. అయితే మొరైన్‌కి ఒక పెద్ద లోపముంది. 3000 ఏళ్ళ కిందట హిమానీనదం కొంత దూరం వచ్చి గుట్ట పోసి, 300 ఏళ్ళ కిందట అంతకంటే ముందుకొస్తే, పాత గుట్టని తొక్కేస్తుంది. పలక మీద రాసి తుడిచి మళ్ళీ రాసినట్టు, చివరికి అన్నిటికంటే దూరం వచ్చినదే మిగులుతుంది. సరస్సు తుడవదు. పొర మీద పొర వేసుకుంటూ పోతుంది.

సరస్సు ఎంపిక

మొదట ఏది పనికిరాదో చెప్పుకుందాం. బెళ్ళందూరు, వర్తూరు చెరువుల్లో పూడికతీత చూసినవాళ్ళకి అంత బురదలో అంత చరిత్ర ఉండాలి కదా అనిపించడం సహజం. మన చెరువులు మనుషులు కట్టినవి, హిమాలయ సరస్సులతో పోలిస్తే నిన్న మొన్నటివి. వేసవిలో ఎండి నెర్రెలు విచ్చుతాయి, పై మట్టి ఆ నెర్రెల్లోంచి కిందికి జారుతుంది. పూడిక మట్టిని పొలాలకి తోలుకోవడం మన ఊళ్ళలో తరతరాల అలవాటు. పొలానికి బలం, చరిత్రకి నష్టం. వరస చెదిరిన బురద నుంచి కాలం చదవలేం.

హిమానీనదం మూతికి ఆనుకుని ఉన్న సరస్సు కూడా అంత మంచిది కాదు. గత కొన్ని దశాబ్దాల్లో మంచు వెనక్కి తగ్గాక మొరైన్ వెనక నిండిన నీళ్ళైతే అందులో కొన్ని దశాబ్దాల బురదే ఉంటుంది. అంతకుముందు అక్కడ మంచే ఉంది, మంచు కింద పొరలు మిగలవు. కావలసింది రాతి గిన్నెలో నిలిచిన సరస్సు. హిమానీనదం ఏ దశలోనూ దాని మీదికి రాకూడదు. అలాగని మరీ దూరమూ ఉండకూడదు, మధ్యలో ఇంకో సరస్సుంటే పిండిని అదే పట్టేసుకుంటుంది. అలాంటి సరస్సు ఎగువన కొత్తగా పుడితే కింది సరస్సులో పిండి హఠాత్తుగా పడిపోతుంది. బురదని మాత్రమే చూసేవాళ్ళకి హిమానీనదం మాయమైనట్టు కనబడుతుంది. హిమానీనదం చిన్నదై ఒక గట్టుకి అవతల ఆగితే కరుగునీరు పక్క లోయలోకి మళ్ళిపోవడమూ ఉంది. అందుకే కోర్, అంటే గొట్టంతో నిలువుగా తీసే బురద స్తంభం, తీయడానికి ముందే పరివాహక ప్రాంతమంతా కాలినడకన తిరిగి, పాత ఏటి మార్గాలు, మొరైన్లు, కొండచరియలు మ్యాపు వేసుకోవాలి. ఈ పనికి వారం పట్టినా దండగ కాదు.

ఇంకో జాగ్రత్త, దీన్ని చాలామంది ఖర్చుకి భయపడి వదిలేస్తారు. పక్క లోయలోనే, అదే రాయి, అదే ఎత్తు, ఎగువన హిమానీనదం లేని సరస్సు నుంచి కూడా కోర్ తీయాలి. రెండింటిలోనూ ఒకేసారి రాతిపిండి పెరిగితే అది వానల వల్లో వాలు కోతవల్లో వచ్చినది. మొదటిదాంట్లో మాత్రమే పెరిగితేనే హిమానీనదం మాట ఎత్తాలి.

బురదని చెదరకుండా పైకి తీయడం

ముందు ఎకో సౌండర్‌తో సరస్సు లోతులన్నీ కొలుస్తారు. ఏరు కలిసేచోట డెల్టా దగ్గర ముతక ఇసుక, నిటారు గట్టు కింద జారిపడిన రాళ్ళు ఉంటాయి. ఆ రెండిటికీ దూరంగా, లోతుగా, సమతలంగా ఉన్నచోటే గురి పెడతారు. నార్వేలో చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీదే నిలబడి మంచుకి రంధ్రం చేసి పని చేస్తారు, వేదిక కదలదు. హిమాలయాల్లో 4000 మీటర్ల పైన వేసవిలో గాలి నింపిన తెప్పలే ఎక్కువ దిక్కు. మధ్యాహ్నం గాలి లేస్తే తెప్ప ఊగుతుంది, గొట్టం వాలిపోతుంది. లంగర్లు మూడు నాలుగు వైపులా వేసి తెల్లవారుజామునే పని ముగించుకోవడం మేలు.

రెండు రకాల గొట్టాలు కావాలి. పై అరమీటరుకి గ్రావిటీ కోరర్. పారదర్శకమైన గొట్టం తన బరువుతో దిగుతుంది, పైన మూత పడి బురదని పట్టి ఉంచుతుంది. దీన్ని గట్టిగా వదిలితే ముందున్న నీటి తోపుడికే పైన ఉన్న మెత్తటి పొర ఎగిరిపోతుంది. అంటే చివరి పది ఇరవై ఏళ్ళు పోయినట్టే. చివరి అరమీటరు చేత్తో మెల్లగా దింపాలి. పైకి తీశాక బురద మీది నీరు తేటగా ఉంటే కోర్ బాగున్నట్టు, మసకగా ఉంటే పారేసి మళ్ళీ తీయాలి. లోతైన పొరలకి పిస్టన్ కోరర్. నార్వేలో వాడేదానిలో 110 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం 6 మీటర్ల దాకా దిగుతుంది. గొట్టం బురదలోకి దిగుతుంటే లోపలి పిస్టన్ అక్కడే నిలబడి పీలుపుతో పొరల్ని నొక్కుకుపోకుండా కాపాడుతుంది. పిస్టన్ తాడు కొంచెం సడలినా పొరలు నొక్కుకుపోతాయి, బిగిస్తే కిందినుంచి బురద లోపలికి పీలుస్తుంది. అందుకే ఒకేచోట కాకుండా కొన్ని మీటర్ల తేడాతో రెండు కోర్లు తీసి, పొరల్ని ఒకదానికొకటి సరిపెట్టి చూస్తారు.

గొట్టాన్ని మీటరు, మీటరున్నర ముక్కలుగా కోసి, ఏది పైవైపో బాణం గుర్తు వేసి, పై నీటిని జాగ్రత్తగా తీసేసి, ఖాళీలో పూలు గుచ్చే స్పాంజి ముక్క బిగించి మూసేస్తారు. గుర్రాల మీద, ఆపైన జీపులో, గంటల తరబడి కుదుపులు. రాతిపిండి బురద కుదుపుకి నీరుగారిపోతుంది, కాబట్టి ఆ పై ముక్కని నిలబెట్టే తీసుకెళ్ళాలి. ల్యాబ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఫ్రీజర్‌లో పెడితే నీరు గడ్డకట్టి పొరల్ని చీల్చేస్తుంది.

మూసలో మిగిలేది

కోర్‌ని నిలువుగా రెండుగా చీల్చాక మొదట చేసే పరీక్ష అన్నిటికంటే పాతది, అన్నిటికంటే చవకది. 1970ల్లో విబ్యోర్న్ కార్లెన్ ఉత్తర స్వీడన్‌లో హిమానీనదాల చరిత్ర కోసం సరస్సు బురదని ఇలా వాడి దారి చూపించారు. ఆలోచన ఇది: హిమానీనదం చిన్నగా ఉంటే రాతిపిండి తక్కువ, నాచు, ఆకులు, మొక్కల కుళ్ళు ఎక్కువ. పెద్దదైతే పిండి ముంచెత్తుతుంది, సేంద్రియ పదార్థం శాతం పడిపోతుంది. కాబట్టి బురదని కాల్చి ఎంత తగ్గిందో చూడాలి.

ప్రతి అర సెంటీమీటరుకో, సెంటీమీటరుకో 1 ఘన సెంటీమీటరు బురద తీసి, ముందే తూచిన చిన్న పింగాణీ మూసలో వేస్తారు. కంసాలి మూసలాంటిదే, కాస్త చిన్నది. 105 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి తూచి, 550 డిగ్రీల కొలిమిలో 4 గంటలు కాల్చి, డెసికేటర్‌లో, అంటే తేమ చొరని మూతపాత్రలో, చల్లార్చి మళ్ళీ తూస్తారు. ఉదాహరణకి ఖాళీ మూస 12.480 గ్రాములు, ఆరిన బురదతో 13.102, కాల్చాక 13.074 అనుకుందాం. ఆరిన బురద 0.622 గ్రాములు, పోయింది 0.028. అంటే 4.5 శాతం. 1 ఘన సెంటీమీటరులో ఎంత పొడి బురద ఉందో కూడా ఇందులోనే తెలిసిపోతుంది. రాతిపిండి ఎక్కువైన కొద్దీ ఆ బరువు పెరుగుతుంది.

అంకెలు చూడండి, ఇక్కడ ఆట అంతా మిల్లీగ్రాములదే. వానాకాలంలో బెంగళూరులోనో చెన్నైలోనో కిటికీలు తెరిచిన గదిలో కాల్చిన మూసని డెసికేటర్ బయట వదిలేస్తే ఆ బూడిద గాలిలోని తేమని పీల్చుకుంటుంది. 5 మిల్లీగ్రాములు పీల్చుకుందంటే 4.5 శాతం కాస్తా 3.7 అవుతుంది. అంటే లేని హిమానీనదం పెరుగుదల మన లెక్కలో పుట్టుకొస్తుంది. వేడి మూసని నేరుగా తూకంలో పెట్టినా తప్పే, పైకి లేచే వెచ్చని గాలి బరువుని తగ్గించి చూపుతుంది.

దీనికంటే మోసకారి తప్పు ఇంకోటుంది. బంకమట్టి ఖనిజాల లోపల నీరు కట్టుబడి ఉంటుంది, 105 డిగ్రీలకి అది కదలదు. 550కి చేరేలోపు కొంత వదిలేస్తుంది. ఆ నష్టమూ సేంద్రియ పదార్థం ఖాతాలోనే పడిపోతుంది. సేంద్రియం 20 శాతం ఉన్న బురదలో ఒకటి రెండు శాతం తేడా పెద్ద లెక్క కాదు. 4 శాతం ఉన్న హిమానీనద బురదలో అదే సగం అంకెని మింగేస్తుంది. పైగా పిండి ఎక్కువైన పొరలోనే బంకమట్టీ ఎక్కువ కాబట్టి తప్పు సరిగ్గా వ్యతిరేక దిశలో లాగుతుంది. అందుకని ప్రతి పదో నమూనాకైనా కర్బనాన్ని విడిగా ఎలిమెంటల్ ఎనలైజర్‌తో కొలిచి సరిచూడాలి.

సేంద్రియ శాతం తగ్గడం అన్నది ఒక భిన్నం మాత్రమే అని మరిచిపోకూడదు. పిండి మారకుండా, సరస్సు వేడెక్కి నాచు పెరిగినా శాతం పెరుగుతుంది. అందుకే పిండిని నేరుగా చూసే కొలతలు జత చేస్తారు. అయస్కాంత స్పందన కొలిచే పరికరం గ్రానైట్, నైస్ రాళ్ళున్న లోయల్లో చక్కగా పని చేస్తుంది, సున్నపురాయి లోయలో దాదాపు మూగబోతుంది. ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ స్కానర్ కోర్ పొడవునా 0.2 మిల్లీమీటర్ల వరకూ సన్నటి అడుగులతో టైటానియం, పొటాషియం, రుబీడియం, కాల్షియం సంకేతాలు చదువుతుంది. కోర్ మీద పరిచిన పల్చటి ఫిల్మ్ కింద నీటి పొరో బుడగో మిగిలితే తేలిక మూలకాల సంకేతం పడిపోతుంది. విడి అంకెల్ని కాకుండా నిష్పత్తుల లాగరిథమ్‌లని వాడేది అందుకే. రేణువుల పరిమాణం లేజర్‌తో కొలుస్తారు. ముందు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సేంద్రియాన్ని, క్షారంతో డయాటమ్ అనే సూక్ష్మ నాచు పెంకుల్ని కరిగించకపోతే ఆ పెంకుల్నే రాతిపిండి అనుకుంటాం. ఈ నాలుగైదు కొలతలూ ఒకే మాట చెబితేనే మొదటి మెట్టు ఎక్కినట్టు.

వయసు కట్టడం

3 మీటర్ల కోర్‌లో 10,000 ఏళ్ళుంటే సెంటీమీటరుకి సగటున 33 ఏళ్ళు. అర సెంటీమీటరు నమూనాలో 17 ఏళ్ళు కలిసిపోయి ఉంటాయి. ఫలానా ఏడాది కరువు అని దీన్నుంచి చెప్పబోవడం వృథా. హిమానీనదం కూడా వాతావరణం మారిన దశాబ్దాల తర్వాతే తన పొడవు మార్చుకుంటుంది, కాబట్టి రెండు జాప్యాలు కలుస్తాయి.

పైపొరలకి లెడ్-210, అంటే కాలంతో పాటు తరిగిపోయే రేడియోధార్మిక సీసం. దాని అర్ధజీవితం సుమారు 22 ఏళ్ళు, 110 ఏళ్ళకి 3 శాతమే మిగులుతుంది కాబట్టి నూరు నూటయాభై ఏళ్ళకి మించి పనికిరాదు. దానికి తోడు సీజియం-137. గాలిలో జరిపిన అణుపరీక్షల వల్ల 1963 ప్రాంతంలో శిఖరం కడుతుంది, యూరప్ సరస్సుల్లో 1986 చెర్నోబిల్ రెండో శిఖరం. రాతిపిండి జోరుగా పడే సరస్సులో లెడ్-210 పలచబడి, పరికరం కొలవలేనంత తక్కువైపోవడం మామూలే.

కింది పొరలకి రేడియోకార్బన్, అంటే ప్రాణం పోయాక మెల్లగా తరిగిపోయే రేడియోధార్మిక కర్బనం లెక్క. సుమారు 50,000 ఏళ్ళ వరకు అందుతుంది. యాక్సెలరేటర్ పద్ధతికి 1 మిల్లీగ్రాము కర్బనం చాలు, అంటే కొన్ని మిల్లీగ్రాముల ఎండు ఆకు. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సెలరేటర్ సెంటర్‌లో, అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రిసెర్చ్ లేబొరేటరీలో ఈ సౌకర్యం ఉంది. చిక్కు యంత్రంలో లేదు, ఏం పంపాలన్నదాంట్లో ఉంది. నేల మీద పెరిగిన మొక్క ఆకో గింజో దొరికితే అదృష్టం, అది గాలిలోని కర్బనాన్నే తిన్నది. చెట్లు పెరగని ఎత్తులో అవి అరుదు. అప్పుడు బురద మొత్తాన్ని పంపాలన్న ఆశ పుడుతుంది. సరస్సులోని నాచు నీటిలో కరిగిన కర్బనాన్ని తింటుంది, ఆ నీటిలో సున్నపురాయి నుంచి కరిగిన అతి పాత కర్బనం కలిసి ఉంటుంది. అందులో 12 శాతం అలాంటిదైతే ఫలితం సుమారు 1000 ఏళ్ళు ముసలిదై వస్తుంది. లద్దాఖ్‌లోని త్సో మోరిరి లాంటి సరస్సుల్లో ఈ దోషం బాగా తెలిసినదే. ఇప్పటి దోషం కొలిచి అన్ని పొరలకీ అంతే తీసేయడం చాలదు, హిమానీనదం పెరిగి తరిగి నీటి మూలం మారినప్పుడల్లా ఆ దోషమూ మారుతుంది.

వయసుల వరస తలకిందులైతే, అంటే పైపొర కింది పొరకంటే పాతదిగా వస్తే, ఎగువ గట్టు నుంచి పాత మట్టి జారి కలిసిందని అర్థం. నచ్చని తేదీని పక్కన పెట్టేసి గీత సాఫీగా గీయడం పెద్ద తప్పు. బేకన్ లాంటి కంప్యూటర్ నమూనాలు అన్ని తేదీల్నీ, వాటి అనిశ్చితినీ కలిపి లోతుకి వయసు కడతాయి. ఆ పట్టీ వెడల్పుని మ్యాపుల్లో, బొమ్మల్లో దాచకుండా చూపాలి.

ఆ నమూనాలోకి వెళ్ళేముందు వరద పొరల్ని కోర్ లోతు నుంచి తీసేయాలి. ఒక్క వరద ఒక్క పూటలో 12 సెంటీమీటర్ల బురద వేయగలదు. అడుగున ముతక, పైకి పోనుపోను సన్నగా ఉండే పొర అది. దాన్ని మామూలు పూడికగా లెక్కిస్తే, పై ఉదాహరణలో 400 ఏళ్ళు లేనిపోనివి పుట్టుకొస్తాయి. తీసేసిన ఆ పొరలు మాత్రం చెత్త కాదు. 2013 జూన్‌లో కేదారనాథ్ పైన చోరాబారీ సరస్సు మొరైన్ గట్టు తెగింది. 2023 అక్టోబరులో సిక్కింలోని దక్షిణ ల్హోనక్ సరస్సు పొంగి చుంగ్‌థాంగ్ దగ్గర తీస్తా ఆనకట్టని తుడిచిపెట్టింది. అలాంటివి ఒక లోయలో ఎన్నేళ్ళకోసారి వచ్చాయో చెప్పగల రికార్డు దిగువ సరస్సుల్లోని ఈ పొరలే. ఆనకట్టలు కట్టేవాళ్ళు ముప్ఫై నలభై ఏళ్ళ ప్రవాహ లెక్కలతో సరిపెట్టుకోకుండా వీటిని చూడాలని గట్టిగా అడగాల్సిన సమయమిది.

బురద నుంచి మంచురేఖకి

హిమానీనదానికి ఒక జమాఖర్చు గీత ఉంటుంది, ఇందాక మంచురేఖ అన్నది దీన్నే. ఏడాది లెక్క మొత్తమ్మీద చూస్తే దానికి పైన జమ ఎక్కువ, కింద ఖర్చు ఎక్కువ. స్థిరంగా ఉన్న హిమానీనదంలో దాదాపు 60 శాతం వైశాల్యం ఈ గీతకి పైనే ఉంటుందని అనుభవ సూత్రం. తేదీ తెలిసిన మొరైన్ నుంచి అప్పటి హిమానీనదం ఆకారం గీసి గీత ఎత్తు కడతారు. అదే తేదీకి సరస్సు బురద ఎలా ఉందో చూస్తారు. అలాంటి జతలు నాలుగైదు దొరికితే మిగతా పొరలన్నిటికీ గీత ఎత్తు అంచనా వేయొచ్చు. నార్వేలో ఇది బాగా కుదిరింది. యొస్తెదాల్స్‌బ్రేన్ మంచు మైదానం నుంచి దిగే నిగార్డ్స్‌బ్రేన్ 1748లో ఎక్కడిదాకా వచ్చిందో రికార్డుల్లోనే ఉంది. యూరప్ ప్రధాన భూభాగంలోకెల్లా పెద్దదైన ఆ మంచు మైదానమే హోలోసీన్, అంటే గత మంచుయుగం ముగిశాక నడుస్తున్న కాలం, తొలి భాగంలో కరిగిపోయి, తర్వాత మళ్ళీ పుట్టిందని నెస్యె, క్వామె 1991లో చెప్పారు. శాశ్వతమనుకున్న మంచు శాశ్వతం కాదని, వేసవులు కాస్త వెచ్చబడితే చాలని, అక్కడి బురద చెప్పింది.

ఒక తిరకాసు మాత్రం ఎక్కడైనా ఉంది. హిమానీనదం కరిగి వెనక్కి తగ్గిన తర్వాత బోలెడంత వదులు మట్టి ఎండకీ వానకీ బయటపడుతుంది. కొన్ని దశాబ్దాల, శతాబ్దాల పాటు ఆ మట్టే కొట్టుకొస్తుంది. అంటే మంచు తగ్గుతున్నప్పుడే సరస్సులో పిండి పెరగొచ్చు. పక్క లోయలోని జత సరస్సు, రేణువుల పరిమాణం ఇక్కడే ఆదుకుంటాయి.

హిమాలయాలకి వచ్చేసరికి నార్వే సూత్రాలు ఎత్తి పెట్టుకోలేం. అక్కడ మంచు చలికాలంలో పడుతుంది, వేసవిలో కరుగుతుంది. లెక్క చక్కగా రెండు ముక్కలవుతుంది. మధ్య, తూర్పు హిమాలయాల్లో ఋతుపవనమే మంచు తెస్తుంది, కరిగే కాలం, కురిసే కాలం ఒకటే. వేసవి కాస్త వెచ్చబడితే కరగడం పెరగడమే కాదు, మంచుగా పడాల్సింది వానగా పడుతుంది, దెబ్బ రెండింతలు. అదే ఋతుపవనం బలపడి మబ్బులు, మంచు పెరిగితే వెచ్చని కాలంలోనూ హిమానీనదం ముందుకు రావొచ్చు. లద్దాఖ్, కారకోరం వైపు పశ్చిమం నుంచి వచ్చే చలికాలపు గాలులది పెత్తనం. ఒకే శతాబ్దంలో ఒకచోట పెరుగుదల, ఇంకోచోట తరుగుదల కనబడితే కంగారు పడక్కర్లేదు. పైగా మన హిమానీనదాలు చాలా వాటి కింది భాగం రాళ్ళ దుప్పటి కప్పుకుని ఉంటుంది. దళసరి దుప్పటి మంచుని ఎండ నుంచి కాపాడుతుంది కాబట్టి ఆ 60 శాతం సూత్రం వాటికి కుదరదు, నిష్పత్తి తక్కువే.

ఎత్తు 100 మీటర్లకి 0.65 డిగ్రీల చొప్పున వేసుకుంటే, గీత 200 మీటర్లు దిగిందంటే 1.3 డిగ్రీల చలి అని రాసేయొచ్చు. ఆ వాక్యంలో "మంచు కురవడం మారకపోతే" అన్న షరతు దాక్కుని ఉంది. ఆ షరతు నిజమో కాదో హిమానీనద సరస్సు తనంతట తాను చెప్పలేదు. ఋతుపవనం గురించి విడిగా సాక్ష్యం చెప్పేవాళ్ళు కావాలి.

అలాంటి సాక్షి ఒకటి బెంగళూరు నుంచి ఒక పూట ప్రయాణంలో ఉంది. ఊటీ దగ్గర శాండినల్లా లోయలో వేల ఏళ్ళుగా పేరుకున్న పీట్, అంటే చిత్తడిలో సగం కుళ్ళి ఆగిపోయిన మొక్కల పొర. అక్కడ హిమానీనదం లేదు, రాతిపిండి ప్రసక్తే లేదు. భారతీయ విజ్ఞాన సంస్థకి చెందిన రామన్ సుకుమార్, సహచరులు 1993లో నేచర్ పత్రికలో ఆ పీట్‌లోని కర్బన ఐసోటోపుల, అంటే బరువులో తేడా ఉన్న కర్బన రకాల, పాళ్ళ నుంచి పాత ఋతుపవనం కథ చెప్పారు. ఆ పాళ్ళ కొలతలో (వెయ్యికి ఇంత అని లెక్క) చెట్లు, చలి ప్రాంతపు మొక్కల కర్బనం -27 దగ్గర, ఎండకి తట్టుకునే ఉష్ణమండల గడ్డిది -12 దగ్గర ఉంటుంది. పొరలో విలువ -19.5 వస్తే రెండూ సగం సగం. గత మంచుయుగం ఉచ్చదశలో గడ్డివైపు ఒరిగిందంటే పొడికాలమని చదివారు. ఈ సాక్షికీ తన మెట్లున్నాయి. అప్పట్లో గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికంటే చాలా తక్కువ, వాన తగ్గకపోయినా ఆ గడ్డికి అదే కలిసొస్తుంది. అందుకే అదే పీట్‌లోని పుప్పొడి రేణువుల్ని కూడా మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. ఆ లెక్కలో ఒక చిన్న మేలూ ఉంది. యూకలిప్టస్, వాటిల్ చెట్లు నీలగిరులకి 19వ శతాబ్దంలో ఆస్ట్రేలియా నుంచి వచ్చినవి. వాటి పుప్పొడి మొదటిసారి కనబడిన లోతు దగ్గర, ఏ ల్యాబ్‌కీ పంపకుండానే, తేదీ పడిపోతుంది.